వాచిన కాలిని దాచకండి



స్త్రీల పాదాలు కూడా కడగవచ్చునని 2016 జనవరిలో రోము నుండి ఉత్తర్వు వెలువడిన తరువాతి సంగతి ఇది. బెజ్జంకి ప్రాంతంలోని మా విచారణ గ్రామాల్లో ఒకదానిలో పవిత్ర గురువారం నాడు పాదాలు కడగడానికి పన్నెండు మందిని పిలిచాము. ఉపదేశి గారు రాసిన జాబితాలో, బీడీలు చుట్టి పిల్లలను సాకిన ఒక తల్లి పేరు కూడా ఉంది. సాయంకాలం పూజకు ముందు ఆమె గుడి వెనుక నిలబడి నాతో మెల్లగా, "ఫాదర్, నా కాలు వద్దు. ఇంకెవరినన్న కూసోబెట్టుండ్రి" అన్నది. చీర కుచ్చెళ్ల కింద ఆమె ఎడమ కాలు మోకాలి దాకా వాచి ఉంది. పదకొండేళ్లుగా ఆ కాలిని ఇంటివాళ్లు తప్ప మరొకరు చూడలేదట. "ఇంట్ల పెళ్లీడు పిల్ల ఉన్నది. తల్లికి బోదకాలున్నదంటే ఎవరు చేసుకుంటరు, ఫాదర్?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె బాధలో సగం ఆ కాలిలో ఉంది, మిగతా సగం ఆ కాలిని దాచడంలో ఉంది. మొదటి సగానికి వైద్యులున్నారు. రెండవ సగానికి మందు మన ఇళ్లలోనే ఉంది. నేను వైద్యుడిని కాను. ప్రభుత్వ వైద్యులను, నర్సులుగా పనిచేసే మన సిస్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులనే ఈ వారం మీ ముందు ఉంచుతున్నాను. కుటుంబమంతా కూర్చుని చదవండి. చదువురాని పెద్దలకు పిల్లలు చదివి వినిపించండి.

1. మన ఒంట్లో మరొక కాలువ

ఒంట్లో రక్తం తిరుగుతుందని మనందరికీ తెలుసు. అయితే రక్తనాళాల నుండి కొంత నీరు బయటికి ఊరి కండల మధ్యకు చేరుతుంది. అందులో చాలా భాగం తిరిగి రక్తనాళాల్లోకే పోతుంది. మిగిలినది రోజుకు సుమారు రెండు మూడు లీటర్లు ఉంటుంది. దానిని పోగుచేసి మళ్లీ రక్తంలో కలిపే సన్నని నాళాలు వేరే ఉన్నాయి. ఆ నీటిని శోషరసం అంటారు, ఇంగ్లీషువారు లింఫ్ అంటారు. దారి మధ్యలో గజ్జల్లో, చంకల్లో, మెడలో చిన్న చిన్న గ్రంథులున్నాయి. ఇవి నీటిని వడగట్టి అందులోని క్రిములను పట్టుకుంటాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ బిళ్ల ఈ గ్రంథియే.

రక్తాన్ని నడపడానికి గుండె ఉంది. ఈ కాలువకు అటువంటి పెద్ద మోటారు లేదు. నాళాల గోడలు తమంతట తాము కొద్దిగా ముడుచుకుంటాయి. మనం నడిచినప్పుడు కండలు పిండుతాయి, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లాగుతుంది. ఇంతే దాని బలం. లోపలి చిన్న చిన్న తలుపులు నీటిని వెనక్కి రానివ్వవు. మన చెరువు కాలువకు తూము చెడిపోతే ఏమవుతుంది? నీరు నిలుస్తుంది, పొలం జాలువారుతుంది. శోషరసపు నాళాలు చెడినప్పుడు కాలికి గాని, చేతికి గాని జరిగేది అదే.

2. ఆ కాలువను చెడగొట్టేది ఎవరు?

మన ప్రాంతంలో ఈ నాళాలను ఎక్కువగా చెడగొట్టినది ఫైలేరియా పురుగు. ఉమ్మడి కరీంనగర్, మెదక్ జిల్లాలు రెండూ ఈ జబ్బు ఉన్న ప్రాంతాలుగా ప్రభుత్వ లెక్కల్లో ఉన్నవే. బెజ్జంకి 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, తరువాత సిద్దిపేట జిల్లాలో చేరింది. జిల్లా మారినంత మాత్రాన దోమ మారలేదు.

ఈ పురుగు సన్నని దారంలా ఉంటుంది. ఆడ పురుగు సుమారు ఎనిమిది నుండి పది సెంటీమీటర్ల పొడవుంటుంది. అది శోషరస నాళాల్లో కాపురముండి ఆరు నుండి ఎనిమిదేళ్ల వరకు బ్రతుకుతుంది, లక్షల కొద్దీ పిల్లలను కంటుంది. కంటికి కనబడని ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. సరిగ్గా ఆ వేళకే క్యూలెక్స్ దోమ కుడుతుంది. రక్తంతోపాటు పురుగు పిల్లలను తాగుతుంది. అవి దోమ ఒంట్లో పెరిగి, అది మరొకరిని కుట్టినప్పుడు ఆ గాటు గుండా లోపలికి పోతాయి. ఆరోగ్య శాఖవారు పూర్వం నుండి రాత్రిపూట ఇల్లిల్లు తిరిగి వేలి రక్తం తీసుకోవడానికి కారణం ఇదే. నిద్ర చెడగొట్టారని వారిని కసురుకోకండి. ఇప్పుడు పగటిపూట చేయగల పరీక్ష కూడా వచ్చింది.

సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమలో చూశాడని బడిలో చదువుకున్నాము. ఆయనకు దారి చూపిన పాట్రిక్ మాన్సన్ అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1877లో, చైనాలోని అమోయ్ పట్టణంలో ఫైలేరియా పురుగు దోమలో పెరుగుతుందని కనిపెట్టాడు. అంటే బోదకాలు ఎందుకు వస్తుందో లోకానికి తెలిసి నూట నలభై ఏళ్లు దాటింది. అయినా మన పల్లెల్లో ఇంకా శాపమనీ, చేతబడి అనీ, పుట్టను తొక్కినందుకు వచ్చిందనీ అనుకునేవారున్నారు. సహోదరులారా, ఇది శాపం కాదు, దోమకాటు.

ఒక్క దోమ ఒక్కసారి కుడితే సాధారణంగా ఈ జబ్బు రాదు. ఎన్నో నెలలు, ఏండ్లు కుట్టించుకుంటే వస్తుంది. పురుగు చాలామందికి చిన్నతనంలోనే పడుతుంది, వాపు మాత్రం పెద్దయ్యాక బయటపడుతుంది. మధ్యలోని ఆ కాలమంతా మనిషి పైకి ఆరోగ్యంగా కనబడుతూనే ఇతరులకు జబ్బును పంచగలడు. "నాకేం లేదు, నాకెందుకు మాత్రలు?" అనే మాటకు జవాబు ఇందులోనే ఉంది.

3. ప్రతి వాపూ బోదకాలు కాదు

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు మొదట నేర్పిన పాఠాల్లో ఒకటి ఇది: కనబడేది ఒకటే అయినా దాని కారణాలు అనేకం కావచ్చు. కాలి వాపుకు ఈ పాఠం బాగా వర్తిస్తుంది. కాబట్టి కాలు వాచగానే బోదకాలని ముద్ర వేయకండి. ఈ గుర్తులు చూడండి.

రెండు కాళ్లూ వాచి, పొద్దున కళ్ల కింద ఉబ్బు ఉంటే మూత్రపిండాలను పరీక్ష చేయించాలి. రెండు కాళ్ల వాపుతోపాటు పడుకుంటే ఆయాసం వస్తే గుండెను చూపించాలి. కడుపు కూడా ఉబ్బితే కాలేయాన్ని చూపించాలి. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రల వలన కూడా చీలమండలు వాస్తాయి. అప్పుడు మాత్ర మీరే మానేయకుండా వైద్యుడికి చెప్పాలి.

ఒక కాలు ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో వాచి పిక్క నొప్పి పెడితే, ముఖ్యంగా కాన్పు తరువాత, ఆపరేషన్ తరువాత, చాలా రోజులు మంచం పట్టిన తరువాత అయితే, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలిని పిసకకండి, నూనె రాయకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. దానితో ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి ఉంటే ప్రాణాపాయమని తెలుసుకోండి.

గర్భవతికి ముఖం, చేతులు వాచి, తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పాదాలే కదా అని ఊరుకోకూడదు.

రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ చేసి చంకలోని గ్రంథులు తీసినవారికి ఆ వైపు చేయి వాయవచ్చు. ఇది కొన్నేళ్ల తరువాత కూడా రావచ్చు. ఆ చేతికి కాలిన గాయం, కోతలు తగలకుండా చూసుకుని, చేయి బరువుగా అనిపించిన తొలిరోజుల్లోనే వైద్యుడికి చూపించాలి.

బోదకాలు సాధారణంగా మెల్లగా వస్తుంది. ఎక్కువగా ఒక కాలికి ముందు మొదలవుతుంది. తొలిదశలో పగలు వాచి, రాత్రి పడుకుని లేచేసరికి తగ్గుతుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఈ దశలో పట్టుకుంటే చాలా మేలు జరుగుతుంది. తరువాత వాపు రాత్రికి తగ్గడం మానేస్తుంది, చర్మం మందమై మడతలు పడుతుంది, కాయలు లేస్తాయి. మగవారిలో ఈ జబ్బు బుడ్డ రూపంలో, అంటే వృషణాల చుట్టూ నీరు చేరడంగా వస్తుంది. దీనికి ఆపరేషన్ ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు. సిగ్గుతో ఏళ్ల తరబడి పంచె మాటున మోసే తండ్రులారా, మీ బాధ ఒక చిన్న ఆపరేషన్‌తో పోయేదని తెలుసుకోండి.

4. నీళ్లు, సబ్బు, తువ్వాలు

ఇక ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. వాచిన కాలు లావెక్కుతూ పోవడానికి పురుగు ఒక్కటే కారణం కాదు. నీరు నిలిచిన కాలికి క్రిములను ఎదిరించే బలం తగ్గుతుంది. వేళ్ల సందులు నాని తెల్లగా చెడిపోతాయి. నాట్లవేళ బురదలో దిగినప్పుడు, మడమల పగుళ్లలో నుండి, చిన్న గీరుడులో నుండి క్రిములు లోపలికి పోతాయి. అప్పుడు చలి జ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి మండుతుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఇట్లా జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ కాలు మరికొంత లావెక్కుతుంది. బ్రెజిల్ దేశంలోని రెసీఫే పట్టణంలో జెరూసా డ్రేయర్ అనే వైద్యురాలు, ఆమె తోటివారు రోగులకు కాలు శుభ్రంగా ఉంచుకోవడం నేర్పి ఈ జ్వరాలు తగ్గుతాయని చూపించారు. నేడు ప్రపంచమంతటా నేర్పేది ఆ పద్ధతినే. దానికి కావలసినవి టబ్బు, చెంబు, సబ్బు, మెత్తని తువ్వాలు.

చేయవలసిన క్రమం ఇది:

మొదట కాలిని వెలుతురులో చూడాలి. వేళ్ల సందులు, మడమ, చర్మపు మడతలు అన్నీ చూడాలి. చెడిన చోటు గుర్తుపెట్టుకోవాలి.

రోజుకొకసారి, వీలైతే పనినుండి వచ్చాక, చల్లని లేక మామూలు నీళ్లతో కడగాలి. వేడినీళ్లు పనికిరావు. మామూలు ఒంటి సబ్బు చాలు. మోకాలి నుండి కిందికి, వేళ్ల సందుల్లో, మడతల్లో చేతితో మెల్లగా రుద్దాలి. బ్రష్షు, పీచు, ఇటుక ముక్క వాడకూడదు. పారే నీరు తేటగా కనబడేదాకా కడగాలి. రెండో కాలిని కూడా అట్లాగే కడగాలి.

తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. వేళ్ల సందుల్లో తడి ఉండిపోతే కడిగిన ఫలం పోతుంది. సన్నని గుడ్డ దూర్చి తడి తీయాలి. చెడిన చోట వైద్యుడిచ్చిన పూత మందు రాయాలి.

కూర్చున్నప్పుడు కాలిని ఎత్తు మీద పెట్టాలి. రాత్రి మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. గుండె జబ్బున్నవారు మాత్రం వైద్యుడిని అడిగి చేయాలి. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, గుండ్రంగా తిప్పడం, నిలబడి మడమలు ఎత్తడం రోజుకు రెండు మూడుసార్లు చేయాలి. చేటముందు గంటల తరబడి కాళ్లు మడిచి కూర్చునే బీడీ కార్మికులైన తల్లులారా, కట్టకట్టకు ఒకసారి కాలు చాచి పాదం ఆడించండి. మోటారు లేని కాలువకు మీ పిక్క కండలే మోటారు.

చెప్పులు లేకుండా నడవకండి. బిగువు చెప్పులు వద్దు, గాలి తగిలే మెత్తనివి వేసుకోండి. పట్టీ కట్టేది ఉంటే ఎట్లా కట్టాలో తెలిసినవారి దగ్గర నేర్చుకునే కట్టండి.

జ్వరం, మంట వచ్చినప్పుడు కసరత్తులు ఆపాలి. చల్లని నీటిలో తడిపిన గుడ్డ వేయాలి, నీళ్లు బాగా తాగాలి, పడుకోవాలి. వైద్యుడి దగ్గరకు పోయి క్రిములకు సరైన మందు తీసుకోవాలి. వాతలు పెట్టించడం, బ్లేడుతో గాట్లు పెట్టించి చెడు రక్తం తీయించడం, ఆకు పసరు కట్టడం చేయకండి. అవి క్రిములకు కొత్త తలుపులు తెరుస్తాయి. మూత్రం ఎక్కువ పోయే మాత్రలు మీ అంతట మీరు కొనుక్కుని మింగినా బోదకాలు తగ్గదు.

5. మాత్రలు ఎందుకు?

మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుండి జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికొకసారి అందరికీ మాత్రలు మింగించే పద్ధతి వచ్చింది. డీఈసీ, ఆల్బెండజోల్ అనే రెండు మందులు ఇస్తారు. 2018 నుండి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మూడవ మందు కూడా కలిపారు. ఈ మందులు రక్తంలోని పురుగు పిల్లలను చంపుతాయి. దోమకు తాగడానికి పురుగు దొరకకపోతే జబ్బు పాకడం ఆగుతుంది. చైనా 2007లో, శ్రీలంక 2016లో ఈ జబ్బునుండి బయటపడ్డాయి. మన దేశం 2027ను గురిగా పెట్టుకున్నది.

మాత్రలు పంచేవారు వచ్చినప్పుడు అన్నం తిని, వారి ఎదుటనే మింగండి. దేవుని పటం వెనుక దాచిన మాత్ర ఎవరినీ కాపాడదు. గర్భవతులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం రావచ్చు. చాలామారు అది లోపలి పురుగు పిల్లలు చస్తున్నందుకు గుర్తే. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఎక్కువైతే ఆశా కార్యకర్తకు చెప్పండి. అయితే ఒక నిజం చెప్పాలి. ఇప్పటికే లావెక్కిన కాలిని ఈ మాత్రలు సన్నం చేయవు. అందుకే మాత్రలు ఊరంతటికీ, కడగడం ఆ కాలికి అని గుర్తుంచుకోండి.

6. దోమ పుట్టే చోటు

క్యూలెక్స్ దోమకు మురుగునీరు ఇష్టం. నిలిచిన మోరీ, మూతలేని గుంత, పాయిఖానా ట్యాంకు దాని పుట్టిల్లు. ట్యాంకు గాలి గొట్టానికి సన్నని జాలీ గుడ్డ కట్టండి. పగిలిన మూతకు సిమెంటు పూయించండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కావున వారానికి ఒక రోజు ఇంటి చుట్టూ తిరిగి నిలువ నీరు తీసివేయండి. రాత్రి దోమతెరలో పడుకోండి, ముందుగా పిల్లలను పడుకోబెట్టండి.

7. మీరు అడిగే ప్రశ్నలు

రోగిని తాకితే అంటుతుందా? అంటదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, కాలు కడిగినా అంటదు.

తల్లినుండి పిల్లలకు వస్తుందా? వంశపారంపర్యంగా రాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే ఆ ఇంటి దోమలు ఒకటే కావడం వలన. ఈ కారణంతో సంబంధం తప్పించడం తెలియనితనం. తెలిసి కూడా చేస్తే అన్యాయం.

ప్రభుత్వ సహాయం ఉందా? తెలంగాణలో 2018లో బోదకాలు ఉన్నవారిని పింఛను పథకంలో చేర్చారు. వాపు ఏ దశలో ఉందో వైద్యులు నిర్ధారించాలి. కాలు దాచుకుంటే ఆ పేరు ఏ జాబితాలోనూ ఎక్కదు. మీ ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడగండి.

చివరిగా

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. ఒక సిస్టరు ఆమె ఇంటికి పోయి కాలు కడిగి చూపించింది. తరువాత ఆ పని కూతురు అందుకున్నది. లోగడ ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చే జ్వరం మరుసటి ఏడు ఒక్కసారే వచ్చింది. కాలు పూర్తిగా సన్నబడలేదు, కాని పుండ్లు మానాయి, వాసన పోయింది, ఆమె మళ్లీ ఆదివారం పూజకు ముందు వరుసలో కూర్చుంటున్నది. కూతురి సంబంధం వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పెళ్లి జరిగింది.

మరుసటి పవిత్ర గురువారం నాడు ఆమె పన్నెండవ కుర్చీలో కూర్చున్నది. సిస్టరు నాకు ముందే చెప్పింది, "ఫాదర్, ఊరికే నీళ్లు పోసి వదలకండి, వేళ్ల సందుల్లో తడి తుడవండి" అని. అట్లాగే తుడిచాను. ఇన్నేళ్ల గురుత్వంలో ఆ ఆచరణను అంత శ్రద్ధగా నేను చేసింది అదే మొదటిసారి.

లూకా సువిశేషం 14వ అధ్యాయంలో ఒళ్లు నీరుపట్టి వాచిన ఒక మనిషి ప్రభువు ఎదుట నిలబడతాడు. చుట్టూ ఉన్నవారు విశ్రాంతి దినపు నియమాన్ని గురించి ఆలోచిస్తుండగా, ప్రభువు అతనిని చేతితో తాకి, బాగుచేసి పంపుతాడు. మన ఇళ్లలో కూడా అటువంటివారు ఉన్నారు. కొందరు తలుపు వెనుకనే ఉండిపోతున్నారు.

ఈ వారం ప్రతి కుటుంబం మూడు పనులు చేయాలని కోరుతున్నాను. ఇంట్లో, వాడలో వాచిన కాలు దాచుకున్నవారు ఉంటే వారితో నెమ్మదిగా మాట్లాడి ఆరోగ్య కేంద్రానికి తోడు వెళ్లండి. మీ ఇంటి పాయిఖానా గొట్టానికి జాలీ కట్టండి. మీ ఇంట్లోనే అటువంటివారు ఉంటే ఈ రాత్రి టబ్బు, సబ్బు, తువ్వాలు తీసుకుని వారి ముందు కూర్చోండి.

మీ విచారణ గురువు